కాసులమ్మ కుడికాలు

41

కాలేజీ రోజుల నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. చక్కగా నడుస్తున్న కాలు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, "విరిచి నేర్చుకోండి" అని ఒక మనిషి మనస్ఫూర్తిగా అంటే, ఆ కాలు విరవవచ్చా?

అప్పట్లో అది హాస్టల్లో వాదించుకోవడానికి పనికొచ్చే ప్రశ్న. ఇప్పుడు నాకు నలభై నాలుగేళ్ళు. పన్నెండు కాళ్ళు విరిచాను. ఈ రోజుదే పన్నెండోది.

ఎముకల శిక్షణలో ఉన్నవాళ్ళు ప్రతి కేసు తరవాతా తమ చెయ్యి ఏం నేర్చుకుందో రాసి పెట్టాలి. రాస్తున్నాను. ఇది నలభై ఒకటో పేజీ.

పొద్దున డ్రిల్లుకి నూనె వేశాను. ఉప్పుగాలికి రెండు రోజులు ముట్టుకోకపోతే బిగుసుకుపోతుంది. వాననీటి డ్రమ్ము నిండుగా ఉంది. గుడ్డలు ఆరేసి వచ్చేసరికి మొక్కు మనిషి బంధువులతో సహా వచ్చేశాడు. వలలు అల్లుకునే ఆయన. పోయిన ఏడు గుండె ఆగినంత పనై బతికినందుకు ఎడమకాలు మొక్కుకున్నాడు. వాళ్ళ మరదలు ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర ఆయన బట్టతల చూసి నవ్వింది.

"మా బావ ఎనకటి రోజుల్లో పుట్టుంటే దేవుడికి ఏటిచ్చేవోడో. ఒక్క ఎంట్రుక లేదు. కాలైనా ఉంది, నయం."

ఆయన కాలి తొడుగు విప్పించి, పిక్క ముందు పసుపు రాసి, బొట్టు పెట్టారు. తొడుగు లేని కాలు చూస్తే ఇప్పటికీ నాకు కళ్ళు తిప్పుకోబుద్ధవుతుంది. ఈ నూరుపంట్ల ఊళ్ళో నడక నేర్చినప్పటి నుంచి అందరూ తొడుగులోనే ఉంటారు. మనిషి పడబోతుండగానే అది బిగుసుకుని దెబ్బ మొత్తం తను తీసుకుంటుంది. గోదావరి లంకలు మునిగి, జనం బల్లకట్టు పడవల్లాంటి పంట్లని ఒకదానికొకటి లావు మోకులతో కట్టుకుని సముద్రం మీద ఊరు చేసుకున్నాక, తొడుగులు వచ్చాక, ఇక్కడ ఎవరి ఎముకా దానంతట అది విరగలేదు. విరిగినవన్నీ మొక్కులే. ఎముక వైద్యం తెలిసినవాళ్ళు ఊళ్ళో లేకుండా పోకూడదని ఎప్పుడో ఎవరో తమ కాలిచ్చారట. తరవాత అది ఆచారమైంది.

మత్తు ఇచ్చాం. విరుపు బల్ల పిడి తిప్పాను. సుద్దముక్క విరిగినట్టు చిన్న చప్పుడు. మూలగలోకి కడ్డీ దించాను, పైనా కిందా స్క్రూలు బిగించాను, కుట్టేశాను. నర్సు మంగతాయారు, నేను అడగక ముందే ప్రతి పరికరం నా చేతిలో పెట్టింది. మా గురువుగారు డాక్టర్ పేర్రాజుగారు చివర్లో వచ్చి వేళ్ళతో తడిమి చూశారు. ఆయనకి చూపు మసకబారి చాలా రోజులైంది.

"బాగుంది హైమా. పన్నెండూ బాగున్నాయి. లెక్క పూర్తయింది."

తుపాన్లకి ముందు ఒడ్డు నుంచి వచ్చే ఆఖరి లాంచీలో నా పట్టా వస్తుందట. పంచాయతీ వాళ్ళు అప్పుడే నన్ను ఎముకల డాక్టరమ్మగారు అంటున్నారు.

నా చెయ్యి ఏం నేర్చుకుంది? ఈ రోజు అది ఒక్కసారి కూడా వణకలేదు. అదే నాకు భయంగా ఉంది.


42

చేపల పంటు మీద ఒకావిడ బుట్టతో సహా జారిపడింది. తొడుగు బిగుసుకుంది గానీ, ఆమె నేల తాకిన తరవాత బిగుసుకుంది. మోకాలు కమిలిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి మంచం పట్టె మీద నా కాలు గట్టిగా కొట్టుకుని చూశాను. తొడుగు ఒక లిప్త ఆలస్యంగా బిగిసింది. మళ్ళీ కొట్టుకున్నాను. ఈసారి అసలు బిగియలేదు.

తొడుగు నూలు ఒడ్డున మిల్లు నుంచి వచ్చేది. మిల్లు మూసేశారు. ఉన్న తొడుగులు ఉప్పుకీ ఎండకీ మెత్తబడుతున్నాయి. ఈ మాట ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మంగతాయారుతో అన్నాను. ఆమె కత్తెరలు తుడుస్తూ, "అయితే పనుంటదన్నమాట మేడమ్ మనకి. ఇన్నాళ్ళూ కొబ్బరికాయలు కొట్టుకోవడమే అయిపోయింది," అంది. కత్తెర పక్కన పెట్టి, "ఒక సంగతండి. మీరు పడిపోతే మీ కాలెవరు అతికిస్తారు?" అంది.

వేళాకోళానికే అంది. 


45

పేర్రాజుగారు ఆఖరి లాంచీలో ఒడ్డుకి వెళ్ళిపోతున్నారు. గుండెకి ఏదో వైద్యం కావాలి, అది ఇక్కడ లేదు. లాంచీ పోతే తుపాన్ల కాలం అయ్యేదాకా మళ్ళీ రాదు. ఆయనైతే అసలు రారేమో.

ఆయన గదికి వెళ్ళాను. గంజిలో ఉప్పు సరిపోలేదని వంటమనిషితో పోట్లాడుతున్నారు. అది అయ్యేదాకా నిలబడి, అడిగాను.

"గురువుగారూ, నేను ఎముక విరగడం ఎప్పుడైనా చూశానంటారా?"

ఆయన గిన్నె పక్కన పెట్టారు.

"చూడలేదమ్మా. నువ్వు చూసినవన్నీ ఒక్కచోట, ఒక్క తీరున విరిగినవి. పసుపు రాసిన చోట." చేతులు తుడుచుకున్నారు. "నా శిక్షణ ఒడ్డున. అప్పట్లో జనం రెండు చక్రాల బళ్ళ మీద, తొడుగు లేదు ఏం లేదు, గాలిలా పోయేవాళ్ళు. పొద్దున్నే వార్డుకెళ్తే గాజుల మూట నేలకేసి కొట్టినట్టుండేవి కాళ్ళు. ఎముక బయటికొచ్చి, మట్టి, గ్రీజు, లుంగీ పీలికలు అన్నీ లోపల. మొదటిది చూసి నేను వాంతి చేసుకున్నాను. మా ప్రొఫెసరు, కడుక్కుని రావోయ్, ఇంకా ఏడున్నాయి అన్నాడు."

"నేను శవాల మీద చేశాను కదండీ. తెర మీద కూడా."

"శవం కాలు వాయదు. తెర నొప్పి అనదు."

తరవాత ఆయన చెప్పింది రాయాలంటే చెయ్యి ఆడడం లేదు. విరుపు బల్లతో పాటు మొదట్లో ఒక ఇనప దిమ్మ వచ్చిందట, పైనుంచి గొలుసుకి వేలాడేది. మీట లాగితే కాలి మీద పడుతుంది. ఎముక ఎలా పగులుతుందో ఎవరూ చెప్పలేరు. ఆయనే దాన్ని విప్పించి స్టోర్లో పడేయించారు. ఇప్పుడు దాన్ని మళ్ళీ తగిలిద్దామంటున్నారు. ఒక్క కాలికి.

"తుపాను వస్తుంది. పంట్లు ఢీకొట్టుకుంటాయి. తొడుగులు మెత్తబడ్డాయి. మొదటి కాలు నీ బల్ల మీదికి వచ్చేసరికి నేనిక్కడ ఉండను. నువ్వు చేసే తప్పేదో నేనున్నప్పుడే చెయ్యి."

"ఇచ్చేవాళ్ళెవరు?"

"మొక్కుల వరసలో ఎవరున్నారో వాళ్ళు."

వరసలో కాసులమ్మ ఉంది.


46

కాసులమ్మ మూడో పంటు మీద అల్లం టీ అమ్ముతుంది. ఆమె కొట్టు దగ్గర ఆగితే టీతో పాటు ఒక ఎత్తిపొడుపు కూడా దొరుకుతుంది. భర్త చలమయ్య కామెర్లతో చావుదాకా వెళ్ళి మా వార్డులోనే లేచి కూర్చున్నాడు. ఆమె కుడికాలు మొక్కుకుంది.

గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు ఏదీ దాచకుండా చెప్పాను. ఇది ఇంతకు ముందు మొక్కుల్లాంటిది కాదని. ఎముక ముక్కలు ముక్కలవుతుందని. నాకు ఇలాంటిది చేసిన అలవాటు లేదని. వద్దంటే మామూలు మొక్కే తీసుకుంటానని, అది కూడా వద్దంటే టీ తాగి వెళ్ళిపోవచ్చని.

"మొక్కులో ఇన్ని రకాలున్నాయేటండీ. టీలో ఉన్నట్టు."

"కాసులమ్మా, కుంటు రావచ్చు. కాలు పోవచ్చు కూడా."

"మొత్తంగానాండి?"

"మొత్తంగా."

ఆమె తన కాలివంక చూసుకుంది. పాత చెప్పు, మడమ దగ్గర పగుళ్ళు.

"టీ కూసునేగాండీ అమ్మేది," అంది. తరవాత తలెత్తి నా మొహంలోకి చూసింది. "మీకు బయ్యంగా ఉందాండి?"

"ఉంది."

"అయితే మంచిదండి. బయ్యం లేనోళ్ళకి నా కాలివ్వను."

ఇది ధైర్యమో, మొక్కు తప్పితే మొగుడికేమవుతుందోనన్న భయమో నాకు అర్థం కాలేదు. మనస్ఫూర్తిగా ఇవ్వడం అంటే ఏమిటో కాలేజీలో తెలుసనుకున్నాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "మా ఆయనకి మాత్రం మామూలు మొక్కనే సెప్పండి. ఆయన తట్టుకోలేడు, పిరికోడు."

సరేనన్నాను. అననా, వద్దా అని ఆలోచించే లోపలే అనేశాను.


48

దిమ్మ తగిలించారు. గొలుసుకి నేనే నూనె వేశాను.

బయట వరండాలో చలమయ్య కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. "మామూలు మొక్కేగదండీ డాట్టరుగోరూ?" అన్నాడు. నేను తలూపాను. ఆయన రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు.

కాసులమ్మకి మత్తు ఎక్కే ముందు, "లేసేసరికి పాలు ఇరిగిపోతాయేమో, సూడమని సెప్పండి," అంది. అంతే, నిద్రపోయింది.

నేను మీట మీద చెయ్యి వేశాను. పేర్రాజుగారు నా చెయ్యి పట్టుకుని పక్కకి తీశారు.

"ఇది నేను లాగుతాను. పాపం నాది, విద్య నీది."

ఎంత తేలిగ్గా పక్కకి జరిగానో. ఆ జరగడంలో ఉన్న సుఖం ఇంకా ఒంట్లో ఉంది.

దిమ్మ పడింది. అదే క్షణంలో బయట కొబ్బరికాయ పగిలింది. రెండు చప్పుళ్ళలో ఏది ఏదో తెలియలేదు.

ఎముక నాలుగు చోట్ల పగిలింది. ఒక ముక్క సన్నగా చీలి చర్మాన్ని చీల్చుకుని వచ్చింది. నెత్తురు నేను ఎప్పుడూ చూడనంత. కడ్డీ ఎక్కడ దించాలో తెలియలేదు, దించడానికి నిలువుగా ఎముక ఉంటేగా. నా చేతులు వణికాయి. ఆయన పక్కన నిలబడి, చూడలేని కళ్ళతో, "ముందు కడుగు. ఇంకా కడుగు. చాలనిపించాక ఇంకో డ్రమ్ము కడుగు," అంటూ ఉన్నారు. ముక్కల్ని బయటి నుంచి కడ్డీలతో పట్టి నిలిపాం. ముగించేసరికి నా వీపు తడిసిపోయింది.

పాదం వెచ్చగా ఉంది. నాడి అందుతోంది. అయిపోయిందనుకున్నాను.


49

కాలేదు.

మత్తు దిగాక కాసులమ్మ నొప్పి అంది. నొప్పి ఉండదా మరి, అనుకున్నాను. మందు ఇచ్చాను. పాదం ముట్టుకుని చూశాను, వెచ్చగానే ఉంది. కాసేపటికి మళ్ళీ నొప్పి అంది. ఇంకొంచెం మందు ఇచ్చాను. పన్నెండు కాళ్ళు అతికించినదాన్ని, ఆ పన్నెండు మందీ నొప్పి అన్నారు, మందు ఇస్తే తగ్గింది. నాకు తెలిసిన నొప్పి అదొక్కటే.

మధ్యాహ్నం మంగతాయారు నా దగ్గరికి వచ్చి, "మేడమ్, కాసులమ్మ ఏం అనడం లేదండి," అంది.

"మంచిదేగా. పడుకోనియ్యి."

"పడుకోలేదండి. పాలు విరిగాయో లేదో అడగవా అని వాళ్ళాయన ఏడిపిస్తున్నాడు. పలకడం లేదు."

వెళ్ళాను. ఆమె పళ్ళు బిగించి పైకప్పు వంక చూస్తోంది. చలమయ్య విసనకర్రతో విసురుతున్నాడు. నేను మళ్ళీ నాడి చూశాను. ఉంది. మళ్ళీ అదే మందు చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు పేర్రాజుగారు గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చారు. ఏమీ అడగలేదు. ఆమె బొటనవేలు పట్టుకుని మెల్లగా కిందికి వంచారు. కాసులమ్మ పెట్టిన కేకకి చలమయ్య చేతిలో విసనకర్ర జారిపోయింది. పేర్రాజుగారు పిక్క నొక్కారు.

"రాయిలా ఉంది. ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

నేను పిక్క ముట్టుకుని చూడలేదు. పాదమే చూశాను.

"కండ ఉబ్బుతోంది. చుట్టూ ఉన్న పొర సంచి మూతిలా బిగుసుకుంది. లోపల నెత్తురాడక కండ చచ్చిపోతోంది. తెరువు. ఇప్పుడే, ఇక్కడే."

మత్తు ఇచ్చి, పిక్కకి రెండు వైపులా పొడుగునా కోశాను. కండ పొంగిన పిండిలా బయటికి ఉబికింది. వెనక వైపు ఎర్రగా ఉంది, పట్టకారుతో గిల్లితే కదిలింది. ముందు వైపు నల్లబడింది. గిల్లాను. కదల్లేదు. ఇంకో చోట గిల్లాను.

"కదలడం లేదండి."

"అయితే అది పోయింది," అన్నారు ఆయన.

మొక్కు కాళ్ళకి ఇలా ఎప్పుడూ కాలేదు. విరిచిన నిమిషంలో అతికించేవాళ్ళం, కండకి దెబ్బే తగిలేది కాదు. నా పన్నెండు కేసుల్లో ఈ వాపు లేదు. దాన్ని గుర్తుపట్టే చెయ్యి నాకు లేదు. ఈ రోజు వచ్చింది, ఆమె కండ పోయాక వచ్చింది.


52

లాంచీ వచ్చి వెళ్ళింది. నా పట్టా తెచ్చింది, పేర్రాజుగారిని తీసుకుపోయింది.

రేవు పంటు మీద ఆయన నా భుజం కోసం చెయ్యి చాపి వెతికారు. దగ్గరికి వెళ్ళాను.

"నా మీద కోపంగా ఉందా?" అన్నారు.

"తెలియడం లేదండి."

"తెలిశాక ఉత్తరం రాయి. మంచిమాటైతే రాయకు, చెడ్డమాటైతే రాయి." నవ్వి లాంచీ ఎక్కారు. ఆయన చెయ్యి తీసేసిన చోట భుజం చల్లగా ఉండిపోయింది.

కాసులమ్మ కాలు దక్కింది. పాదం మాత్రం పైకి లేవదు, దాన్ని లేపే కండే పోయింది. ఇక ఎప్పటికీ లేవదు. అడుగు వేస్తే వేళ్ళు నేలకి రాసుకుంటాయి. చలమయ్య నన్ను వరండాలో నిలబెట్టి అడిగాడు.

"అందరూ నెల తిరక్కుండా నడుత్తున్నారుగదండీ. మా దానికి మాత్రం ఇలా ఎందుకయ్యిందండీ?"

లోపలి నుంచి ఆమే అరిచింది. "నా ఎముక మొండిదని సెప్పాగదా. డాట్టరమ్మగోరిని ఇసిగించకు."

చలమయ్య నన్నే చూస్తున్నాడు. మొక్కు మామూలుదని నేను తలూపిన సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఆమె గుట్టు బయట పెట్టడం, నా తప్పు ఒప్పుకోవడం, రెండూ ఒకటే మాటలో ఉన్నాయి. నేను ఆ మాట అనలేదు. తప్పుకుని వచ్చేశాను.


57

తుపాను. పొద్దుటి నుంచి పంట్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ప్రతి చప్పుడికీ నా పిక్కలు బిగుసుకుంటున్నాయి.

తలుపు తోసుకుని నలుగురు ఒక మనిషిని మోసుకొచ్చారు. మోకులు కట్టే నూకరాజు. మోకు తెగి రెండు పంట్ల మధ్య కుడికాలు పడింది. తొడుగు ముక్కలు కండలో కూరుకుపోయి ఉన్నాయి. ఎముక బయటికి కనబడుతోంది, దాని మీద తుప్పు రంగు, పంటు అడుగున పట్టే పెంకులు. ఇదీ నిజంగా విరగడం అంటే.

మంగతాయారు ఎర్రటి గిన్నె తీసి దేనికోసమో అలమర వెతుకుతోంది. 

"ఏం చూస్తున్నావు?"

"పసుపండి. పసుపెక్కడ పెట్టానో..." అని, తను ఏమందో తనకే అర్థమై, గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

నవ్వడానికి లేదు. నేను కూడా అప్పటికి నూకరాజు పిక్క ముందు, మొక్కు కాలికి కోసే చోట, కత్తి ఆనించి ఉన్నాను. గాయం అరచెయ్యంత తెరుచుకుని పక్కనే ఉంది.

"నీళ్ళు తే," అన్నాను. "డ్రమ్ము మొత్తం."

కడిగాం. చాలనిపించాక ఇంకో డ్రమ్ము కడిగాం. ముక్కల్ని బయటి కడ్డీలతో నిలిపి, గాయం కుట్టకుండా గుడ్డ కప్పి ఉంచాను. తరవాత కుర్చీ లాక్కుని అతని మంచం పక్కన కూర్చున్నాను. పాదం కాదు, పిక్క మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

మెలకువ వచ్చాక, "నూకరాజూ, ఆ మోకు కట్టిందెవరు?" అని అడిగాను.

"ఇంకెవడండి, మా తోడల్లుడు. ఎదవకి ముడెయ్యడం రాదండి. ఆడి మొలతాడు కూడా మా మరదలే కడతాదండి."

"ఇంకా చెప్పు."

చెప్పాడు. తోడల్లుణ్ణి, వాళ్ళ నాన్నని, ఆ నాన్నకి పిల్లనిచ్చిన వాళ్ళని తిట్టాడు. తిట్టినంతసేపూ నాకు ప్రాణం కుదుటగా ఉంది. గాలి ఊళ పెడుతోంది, కిటికీ రెక్క ఒకటి ఊడిపోయింది, మంగతాయారు దానికి బల్ల అడ్డం పెట్టింది. ఒక తిట్టు మధ్యలో అతను ఆగిపోయాడు. పైకప్పు వంక చూశాడు.

కాసులమ్మ చూసిన చూపు.

నాడి చూడలేదు. మందు తీయలేదు. బొటనవేలు వంచాను. నూకరాజు కేక తుపానులో కూడా వినబడి ఉంటుంది. పిక్క నా చేతి కింద గట్టిపడుతోంది. మత్తు ఇచ్చి రెండు వైపులా తెరిచాను. కండ ఉబికి వచ్చింది. గిల్లాను, కదిలింది. ముందు వైపు గిల్లాను.

కదిలింది.

నేలమీద కూలబడి ఏడ్చాను. మంగతాయారు సంతోషమనుకుంది. నాకు ఆ ఎర్రటి కండలో కాసులమ్మ నల్లటి కండ కనబడుతోంది. ఇది ఎంత సేపట్లో నల్లబడేదో నాకు తెలుసు. ఎలా తెలుసో కూడా తెలుసు.


61

తుపానులో ఇంకా ముగ్గురు వచ్చారు, చేతులు, ఒక తొడ ఎముక. అందరూ బతికారు. నూకరాజు కర్రతో నడుస్తున్నాడు, పాదం లేస్తోంది.

ఊళ్ళో కొత్త మాట పుట్టింది. కాసులమ్మ కాలివల్లే నూకరాజు కాలు దక్కిందని. ఎవరు చెప్పారో తెలియదు, మంగతాయారే అయి ఉంటుంది. జనం కాసులమ్మ కొట్టు ముందు ఆగి ఆమె ఈడ్చే పాదానికి దణ్ణం పెట్టి టీ తాగుతున్నారు. దిమ్మ మొక్కు అని దానికి పేరు కూడా పెట్టేశారు. తమ పేర్లు రాసుకోమని నా దగ్గరికి మనుషులు వస్తున్నారు. కళ్ళు మెరుస్తూ వస్తున్నారు. నాకు తుపాను కన్నా ఆ మెరుపు ఎక్కువ భయంగా ఉంది.

చలమయ్యకి ఇప్పుడు అంతా తెలుసు. నాకు టీ ఇస్తాడు, మొహం చూడడు.

మంగతాయారు ఎముకల శిక్షణలో చేరింది. చేరాలి కూడా. నేను పడితే నా కాలు అతికించేవాళ్ళు లేరని ఆమె అన్నది వేళాకోళం కాదిప్పుడు. మొక్కు కాళ్ళు అక్కర్లేదు, తొడుగులు ఎలాగూ పోయాయి, పడేవాళ్ళు వస్తారు, తుపాను గాయాలు చూసి నేర్చుకోవచ్చుగా అన్నాను.

"నిజం గాయం వచ్చినప్పుడు మీరు నన్ను ముట్టుకోనిస్తారా మేడమ్?" అంది. "నూకరాజు కాలు నాకిచ్చేవారా?"

ఇచ్చేదాన్ని కాదు.

నిన్న నూకరాజు వచ్చాడు. కర్ర గోడకి ఆనించి, చేతులు కట్టుకున్నాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

"నా కుడికాలు మీరు నిలబెట్టారండి. ఎడంకాలు మొక్కుకున్నానండి. దిమ్మ మొక్కు. మంగతాయారుగోరు నేర్చుకోడానికి."

"నూకరాజూ, నీకున్న మంచికాలు అదొక్కటే."

"అందుకేగదండీ. కుంటికాలు ఇత్తే దేవుడు ఒప్పుకుంటాడేటండి?"

ఇంటికి వెళ్ళి ఆలోచించుకోమన్నాను. ఆలోచించుకునే వచ్చానన్నాడు. మొక్కు తప్పితే ఉన్న కాలు కూడా నిలవదని వాళ్ళావిడ అంటోందట. అతను నా కాళ్ళకి వంగబోతే వెనక్కి జరిగాను.

ఈ పొద్దున కాసులమ్మ కొట్టుకి వెళ్ళాను. చలమయ్య నీళ్ళకి వెళ్ళిన సమయం చూసుకుని వెళ్ళాను. నూకరాజు మొక్కు గురించి చెప్పాను, ఆమె గ్లాసు కడుగుతూ విన్నది.

"నూకరాజు కాలు సంగతి నన్నడిగితే ఏటి సెప్తానండి. నేను నా కాలిచ్చాను. ఆడి కాలు నాది కాదుగదా."

"నీకు తప్పనిపించలేదా, ఎప్పుడూ?"

"మెట్లెక్కినప్పుడు అనిపిత్తాదండి. నూకరాజు మెట్లెక్కుతుంటే సూసినప్పుడు అనిపించదండి." గ్లాసు బోర్లించింది. "నేనోటి అడగనాండి?"

"అడుగు."

"దిమ్మ మీరు లాగారా, పేర్రాజుగోరా?"

"ఆయనే."

"ఉం," అంది.  టీ పోసి నా ముందు పెట్టింది. పాదం ఈడ్చుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

పాపం నాది, విద్య నీది అన్నారాయన. ఆ రెండిటినీ విడదీసి పంచుకోవచ్చని ఆ రోజు నమ్మాను. ఇప్పుడు మంగతాయారుకి విద్య కావాలి. మీట పక్కన ఇంకెవరూ లేరు.

వచ్చి థియేటర్లో కూర్చున్నాను. డ్రిల్లుకి నూనె వేశాను. గొలుసుకి వేయలేదు. దాని వైపు వెళ్ళి, సీసా చేతిలో పట్టుకుని నిలబడి, వెనక్కి వచ్చాను. దిమ్మని విప్పించి సముద్రంలో పారేయమని చెప్పడానికి మనిషిని కూడా పిలిచాను. అతను వచ్చాక మంచినీళ్ళు తెమ్మని పంపేశాను.

పేర్రాజుగారికి ఉత్తరం రాయలేదు. ఆయన మీద నాకున్నది మంచిమాటో చెడ్డమాటో తేలలేదు.

కాసులమ్మ కాలు తీసుకోకపోతే నూకరాజు కాలు పోయేది. ఇది నాకు తెలుసు. తీసుకుని ఉండకూడదని కూడా నాకు అనిపిస్తుంది, ఆమె అడుగు చప్పుడు విన్న ప్రతిసారీ. నూకరాజు రేపు మళ్ళీ వస్తాడు, ఎడంకాలికి పసుపు రాసుకునే వస్తాడు. అతన్ని బల్ల ఎక్కించుకోవాలో, ఇంటికి పంపాలో నాకు తెలియడం లేదు. నలభై నాలుగేళ్ళు వచ్చాయి, పట్టా వచ్చింది, ఊళ్ళో ఎముకలు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇది మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.